సత్తమ్మ బావిలో కరెంటు

సూర్యాపేట తాలూకాలో చీకటిని రద్దు చేస్తున్నట్టు గ్రామ వెలుగు శాఖ ప్రత్యేకాధికారి గారు 1949 డిసెంబరు మొదటి సోమవారం ఉదయం పది గంటలకు ప్రకటించారు. పది గంటలకు ఎండ బాగా కాస్తోంది కాబట్టి ప్రకటన అప్పటికప్పుడే అమల్లోకి వచ్చినట్టు అందరికీ కనిపించింది.

"బొగ్గు అక్కరలేదు. నూనె అక్కరలేదు. ఆనకట్ట అసలే అక్కరలేదు. ఒక్క బావి చాలు! నీటిలో వేసిన ఖాళీ డబ్బా పైకి తేలుతుంది. ఆ తేలే గుణాన్ని ఇన్ని వేల ఏళ్లుగా మనం ఊరికే తేలనిచ్చాం. ఇక తేలనివ్వం. దాని చేత పని చేయిస్తాం!" అన్నారు అధికారి గారు.

చప్పట్లు మోగాయి. సభకు ఇరవై మూడు మంది వచ్చారు. ఇరవై ఒక్క మంది ఆయన ఆఫీసు వాళ్లు. తక్కిన ఇద్దరూ కిరసనాయిలు ఇక్కడే ఇస్తారని ఎవరో చెప్పగా సీసాలు పట్టుకుని వచ్చిన వాళ్లు. సీసాలు చేతిలో ఉండడం వల్ల వాళ్లు చప్పట్లు కొట్టలేకపోయారు.

ఇంత గొప్ప ప్రకటన జరిగిన సంగతి ఎర్రకుంటలో ఉన్న సత్తమ్మకు తెలియదు. ఎర్రకుంట సూర్యాపేట నుంచి కోదాడ పోయే బాటలో ఉంది. సత్తమ్మ ఆ సోమవారం తన మిరపతోటకు నీళ్లు పెడుతూ ఉంది. పెనిమిటి పోయి మూడేళ్లు. ఆమెకు ఉన్నది ఎకరన్నర తోట, ఒక బావి, బావిలోంచి నీళ్లు తోడే తోలు మోటను లాగే జత ఎడ్లు, ఆ ఎడ్లను తోలే మరిది బీరన్న. తోట తెల్లగా పూత మీద ఉంది. పూత మీద ఉన్న మిరప నీళ్లు లేకపోతే ఎనిమిది రోజులు ఓర్చుకుంటుంది. తొమ్మిదో రోజు పూతంతా నేల మీదికి దులిపేస్తుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా అది మిరపతోట కాదు, పొయ్యిలోకి పుల్లలు.

బుధవారం నాడు జీపు వచ్చి బావి పక్కన ఆగింది. అధికారి గారు దిగి శాస్త్రీయమైన సర్వే ఒకటి జరిపించారు. జీపు ఆగిన చోటికి ఏ బావి దగ్గర అన్నది సర్వేలో ముఖ్యాంశం. ఏడు నిమిషాల్లో సర్వే పూర్తయింది.

"ఏమమ్మా, నీ అదృష్టం పండింది. ఈ రోజు నుంచి ఇది బావి కాదు. ఎర్రకుంట విద్యుత్ కేంద్రం," అన్నారు.

"అట్లనే దొరా. మరి నీళ్లెట్ల తోడుకోవాలె?"

"తోడడమా? విద్యుత్ కేంద్రంలో తోడడం ఉండదు. ఆ మోట తీసెయ్యి. ఆవరణలో ఎద్దు కనపడకూడదు. కొత్త యుగానికి అది అవమానం."

"ఎన్నొద్దులు దొరా?"

"యుగం ఎన్ని రోజులు ఉంటుందని అడిగితే ఏం చెప్పను?" అని ఆయన జాలిగా నవ్వి జీపెక్కారు.

యంత్రాన్ని కనిపెట్టిన మహానుభావుడు వెంకటయ్య. కోదాడలో గోలీసోడా దుకాణం ఆయనది. ఒక రోజు సోడా కొడుతూ ఉండగా, సీసాలో బుడగ ఎవరూ తోయకుండానే పైకి పోవడం ఆయన గమనించాడు. అది జీతం అడగదు, సెలవు పెట్టదు, పైకి పోవడం ఒక్కటే దాని ధ్యాస. ఇటువంటి ఉద్యోగి ప్రభుత్వానికి మళ్లీ దొరకడని ఆయనకు అనిపించింది. ఆ రాత్రే అర్జీ రాశాడు. అర్జీ చదివిన అధికారి గారికి ఆ ఉద్యోగి గుణాలు బాగా తెలిసినవిగానే అనిపించాయి. వెంటనే మంజూరు చేశారు.

శుక్రవారానికి యంత్రం తయారైంది. బావి మీద ఒక పెద్ద చక్రం, బావి లోపల నీళ్లలో ఇంకో చక్రం, రెండింటినీ చుట్టిన గొలుసు, గొలుసుకు కట్టిన, సీసంతో మాటు వేసి మూతులు మూసిన పన్నెండు కిరసనాయిలు డబ్బాలు. పై చక్రానికి సైకిలు డైనమో తగిలించారు. డైనమో నుంచి ఒక తీగ గుంజ మీదికి పోయింది. గుంజ మీద చింతకాయంత బల్బు. డబ్బాలు తేలాలి, చక్రం తిరగాలి, బల్బు వెలగాలి.

డబ్బాలు తేలాయి. చక్రం తిరగలేదు.

"ఎందుకు ఆగింది?" అన్నారు అధికారి గారు.

"ఇటు పక్క డబ్బాలు పైకి రావాలని చూస్తున్నాయండి," అన్నాడు వెంకటయ్య.

"మంచిదే. అటు పక్కవి?"

"అవి కూడా పైకి రావాలనే చూస్తున్నాయండి."

అధికారి గారు బావిలోకి వంగి రెండు పక్కలా చూశారు. "అయితే ఇది మా ఆఫీసు లాగానే ఉంది," అన్నారు చివరికి.

గట్టు మీద నిలబడి చూస్తున్న సత్తమ్మ ఉండబట్టలేక అడిగింది. "అందరు మీదికే వస్తమంటే కిందికి పోయేదెవరు దొరా?"

అధికారి గారు గిర్రున తిరిగారు. ఆ రోజుల్లో ప్రశ్నలంటే అధికార్లకు భయం. రాత్రుళ్లు ఊళ్లలో తిరిగే కమ్యూనిస్టు సంఘం వాళ్లు ఇలాంటి ప్రశ్నలే అడిగిస్తారని పై నుంచి వాళ్లకు కాగితాలు వచ్చాయి.

"నువ్వు సంఘం మనిషివా?"

"కాదు దొరా, గొర్లు కాసే కుర్మోళ్ల మనిషిని."

"సరే. కిందికి పోవడం మా శాఖలోకి రాదు. పైకి రావడమే మా శాఖ."

శనివారం నాటికి నీళ్లు పెట్టి అయిదు రోజులు. మిరపాకు మధ్యాహ్నం పూట ముడుచుకోవడం మొదలుపెట్టింది. సత్తమ్మ కుండ పట్టుకుని బావి దగ్గరికి పోయింది. అక్కడ కాపలా పెట్టిన జవాను కర్ర అడ్డం పెట్టాడు.

"ఏంది బిడ్డా, రెండు కుండలు ముంచుకోనీ."

"కుదరదమ్మా. ఇవి నీళ్లు కావంట. ఇంధనమంట."

"తాగెటియి కావా?"

"తాగొచ్చునంట. పారబొయ్యొద్దంట."

"అయితే నేను తాగి పోయి మిరపచెట్టు మీద ఉమ్మాలెనా?"

జవాను తన కాగితం తీసి పైనుంచి కిందిదాకా చూసి, "దాని సంగతి ఇందుల లేదమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రమే అధికారి గారికి తంతి వచ్చింది. ఎర్రకుంటలో వెలుగుతున్న దీపాన్ని చూడడానికి హైదరాబాదు నుంచి శాఖ చీఫ్ గారు మంగళవారం సాయంత్రం వస్తున్నారు. దీపం శుక్రవారం నుంచే వెలుగుతోందని అధికారి గారు అప్పటికే రిపోర్టు పంపి ఉన్నారు. శుక్రవారం వెలగవలసి ఉండింది కాబట్టి అందులో అబద్ధం లేదు.

ఆదివారం పొద్దున అధికారి గారు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నారు. వెంకటయ్య డబ్బాలను ఒక్కొక్కటిగా నిమురుతున్నాడు. సత్తమ్మ వాళ్లిద్దరినీ చూసింది. తోటను చూసింది. ఒక పూవు రాలి ఆమె కాలి మీద పడింది.

"దొరా, లైటు ఎలగాలె. అంతేనా?"

"అంతే."

"లైటు ఎలగాల్నంటే చక్రం తిరగాలె. మోట తాడు గా చక్రం మీదికెల్లి ఏసి ఎడ్లతోని గుంజిపిస్తె తిరగదా?"

అధికారి గారు తల ఎత్తలేదు. మెల్లిగా అన్నారు. "ఎడ్లు అనవద్దు."

"మరేమనాలె?"

"అనుబంధ పరికరాలు అను."

"అట్లనే. అనుబంధపోళ్లు ఇద్దరు గుంజుతరు. ఆటికి అడ్డంగ తడికె కట్టుకోండ్రి. గని మోట తోడిన నీళ్లు మా తోటకే పోవాలె."

"నీళ్లు విద్యుత్ నుంచి వచ్చిన వృథా పదార్థం. ఎక్కడో ఒకచోట పారబోయాల్సిందే. మీ తోట ఆ భారం మోస్తానంటే శాఖకు అభ్యంతరం లేదు."

"మోస్తది దొరా," అంది సత్తమ్మ. "పాపం, ఎన్నొద్దులకెల్లి ఎదురుసూస్తుంది."

వెంకటయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి నా డబ్బాలక్కా?"

"ఏడ్వకు తమ్మీ. మెడల ఏసిన దండ లెక్క ముంగట ఏలాడదీస్తం. దొరలు సూడొచ్చేది గవే గద."

ఆ మాట వెంకటయ్యకు నచ్చింది.

సోమవారమంతా తాటాకు తడికెలు కట్టడంతోనే సరిపోయింది. ఒకసారి తోలి చూద్దామని బీరన్న అడిగాడు. శాస్త్రానికి రిహార్సలు ఉండదని అధికారి గారు కోప్పడ్డారు. చీఫ్ గారి పందిరికి ఆకు ఎక్కువ పట్టడంతో ఎడ్ల ముందు తడికె కొంచెం పొట్టిదైంది. దాని మీద 'అపాయం' అని ఎర్రటి అక్షరాలతో రాయించారు.

మంగళవారం. ఎనిమిదో రోజు. దీపాలు పెట్టే వేళకు చీఫ్ గారి కారు వచ్చింది. ఊరంతా వచ్చింది. చీఫ్ గారు సన్నగా, గొంతు మరీ సన్నగా ఉండే మనిషి. దండలాగా వేలాడుతున్న డబ్బాలను చూసి తల ఊపారు. తడికె వైపు చూసి ఆగారు.

"దాని పైన ఆ రెండు జతలూ ఏమిటి? కొమ్ముల్లాగా ఉన్నాయే."

"ఇన్సులేటర్లు సార్."

"బాగున్నాయి. దేశవాళీవేనా?"

"పూర్తిగా దేశవాళీ సార్."

తడికె వెనుక సత్తమ్మ పార పట్టుకుని కాలువ గట్టు మీద నిలబడి ఉంది. ఎడ్ల వెనుక బీరన్న. అతనికి అధికారి గారు పొద్దున్నే వచ్చి ఒకటే మాట చెప్పి పోయారు. నోరు తెరిస్తే జైలు.

అధికారి గారు గుంజకు తగిలించిన స్విచ్చి నొక్కారు. బీరన్న ఎడ్లను ముట్టాడు. అవి కదలలేదు. వీపు తట్టాడు. తోక మెలిపెట్టాడు. అవి చెవులు నిక్కించి అతని నోటి వైపు చూస్తూ నిలబడ్డాయి.

"నడుస్తలేవేంది?" అంది సత్తమ్మ గుసగుసగా.

"పాట లేంది ఎట్ల నడుస్తయి వదినె?" అన్నాడు బీరన్న ఏడుపు గొంతుతో.

నిజమే. ఆ ఎడ్లు ఆరేళ్లుగా కర్రతో నడిచినవి కావు, మోటపాటతో నడిచినవి. బీరన్న గొంతెత్తి రాగం లాగితే అవి బాట మీద దిగువకు పోతాయి, మోట నిండి పైకి వస్తుంది. రాగం ఆపితే వెనక్కి అడుగులు వేస్తూ బావి దగ్గరికి వస్తాయి, మోట మళ్లీ నీళ్లలో మునుగుతుంది. నోరు మూసుకుంటే నిలబడతాయి. ఎడ్లను దాచాలని అందరికీ తోచింది. పాటను దాస్తే ఏమవుతుందో ఒక్కరికీ తోచలేదు.

పందిట్లో చీఫ్ గారు గడియారం చూసుకున్నారు. సత్తమ్మ తోట వైపు చూసింది. ఈ పూట మోట కదలకపోతే చీఫ్ గారు వెళ్లిపోతారు, తెల్లవారితే తొమ్మిదో రోజు. పూతంతా నేల మీద. పాట అందుకోవాలని ఆమే నోరు తెరిచింది. తడికె సందులోంచి జవాను కర్ర కనిపించింది. నోరు మూసుకుంది.

ఏమీ తోచనప్పుడు ఏ అధికారి అయినా చేసే పనే అధికారి గారు చేశారు. రెండు చేతులూ పైకెత్తి ఉపన్యాసం మొదలుపెట్టారు.

"మహాజనులారా... ఆ... ఆ!"

ఎడ్లు కదిలాయి.

చక్రం గిర్రుమంది. గుంజ మీద బల్బు ఎర్రగా మొదలై తెల్లగా వెలిగింది. మోట పైకి వచ్చి భళ్లున నీళ్లు పోసింది. జనం కేకలు పెట్టారు. అధికారి గారు చప్పట్ల కోసం ఆగారు. దీపం ఆరిపోయింది. ఎడ్లు వెనక్కి వచ్చాయి.

"ఆరిందే?" అన్నారు చీఫ్ గారు.

"ఈ మహత్తర ప్రగతీ... ఈ!" అన్నారు అధికారి గారు.

దీపం వెలిగింది.

"మళ్లీ అనండి."

"ప్రగతీ... ఈ! పురోభివృద్ధీ... ఈ!"

దీపం కళ్లు చెదిరేలా వెలిగింది. తడికె వెనుక సత్తమ్మ పార భుజాన వేసుకుని మొదటి సాలులోకి నీళ్లు మళ్లించింది. ఎండిన మట్టి గుటగుటమంటూ తాగింది. ఆమెకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇన్సులేటర్లు అటూ ఇటూ జరుగుతున్నాయేమిటి?" అన్నారు చీఫ్ గారు.

"వేడెక్కితే జరుగుతాయి సార్."

చీఫ్ గారు లేచి, గొంతు సవరించుకుని, తన సన్నని గొంతుతో "గ్రామ వెలుగు శాఖ తరఫున..." అన్నారు. దీపం వెలగలేదు. చీఫ్ గారి ముఖం ఎర్రబడింది.

"నా కంటే మీ మాటకే ఎక్కువ వెలుగుతోందా?"

అధికారి గారు చేతులు జోడించారు. పై అధికారి మాటకు వెలగని దీపాన్ని వెలిగించినవాడి ఉద్యోగం ఎంత కాలం ఉంటుందో ఆయనకు తెలుసు. "లేదు సార్. మీ మాట బరువైనది. లాగడానికి దానికి టైము పడుతుంది. కొంచెం పైస్థాయిలో సెలవివ్వండి సార్."

చీఫ్ గారు కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి, తనకు నోటికి వచ్చిన ఒకే ఒక్క సంగతి అందుకున్నారు. "సెక్షను నాలుగూ... ఊ! ఉపవిభాగం బీ... ఈ! సదరు దరఖాస్తూ... ఊ!"

దీపం వెలిగింది. చీఫ్ గారు ఆనందంతో గంతు వేశారు. ఆయన సెక్షను పదకొండు దాకా పోయారు. అధికారి గారు గొంతు కలిపారు. జవాను తన కాగితం పైకి చదివాడు. వెంకటయ్య "సోడా... ఆ! సోడా... ఆ!" అన్నాడు. ఊళ్లో ముసలీ ముతకా ఎవరికి తోచింది వాళ్లు అరిచారు. ఈ సందట్లో తన గొంతు ఎవరికి వినపడుతుందని బీరన్న కూడా మోటపాట ఎత్తుకున్నాడు. ఎనిమిది రోజుల తర్వాత అసలు పాట విన్న ఎడ్లు నడవలేదు, పరుగెత్తాయి. మోట మీద మోట వచ్చిపడింది. సత్తమ్మ సాలు నుంచి సాలుకు పరుగెత్తుతూ, "ఇంక గట్టిగ! ఇంక గట్టిగ!" అని తడికె వెనుక నుంచి అరిచింది. ప్రజల స్పందన అని చీఫ్ గారు మురిసిపోయారు.

టప్ మని బల్బు పేలిపోయింది.

చీకట్లో చీఫ్ గారి గొంతు వినిపించింది. "ఇంత ప్రగతిని తట్టుకోలేకపోయింది."

వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. పరిశోధనలో అసలు శక్తి నీటి నుంచి గానీ డబ్బాల నుంచి గానీ రావడం లేదనీ, ప్రసంగం నుంచి వస్తోందనీ తేలింది. నీరు దొరకని చోట్లు రాష్ట్రంలో అనేకం ఉన్నాయి, ప్రసంగం దొరకని చోటు ఒక్కటీ లేదు, కనుక ఇది మిక్కిలి చవకైన పద్ధతి. చక్రం, డబ్బాలు, డైనమో అనవసరం. వాటిని సూర్యాపేట గోదాములో జమ చేయవలెను. ఇన్సులేటర్లు మాత్రం యథాస్థానంలో ఉంచవలెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి అర్హులైన వక్తలు వంతుల ప్రకారం మూడు రోజులకొకసారి వచ్చి కేంద్రంలో రెండు గంటలు తగ్గకుండా ప్రసంగించవలెను. కొత్త బల్బు తరువాత పంపబడును.

ప్రత్యేకాధికారి గారు ప్రసంగశక్తి విభాగానికి డైరెక్టరై హైదరాబాదు పోయారు. వెంకటయ్య బావి దగ్గరే వక్తల గొంతుల కోసం సోడా కొట్టు పెట్టుకున్నాడు. మోట తాడు దాని పాత గిలక మీదికి ఎక్కింది. బల్బు రాలేదు.

వక్తలు మాత్రం వచ్చారు. ఉత్తర్వు ఉత్తర్వే. సాయంత్రం పూట ఒక్కొక్కరు వచ్చి, ఉత్త గుంజ ముందు నిలబడి, దాని చివరి వైపు ఆశగా చూస్తూ రెండు గంటలు మాట్లాడి, 'వెలుగు: తృప్తికరం' అని పుస్తకంలో సంతకం పెట్టి పోతున్నారు. తడికె వెనుక బీరన్న చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటాడు. అతను పాడవలసిన అవసరం లేదు. కోదాడ వక్త రాగం బాగా సాగదీస్తాడని, సూర్యాపేట ఆయన మధ్యలో లెక్కలు చెప్పడం వల్ల మోట సగమే నిండుతుందని ఎడ్ల కంటే అతనికే బాగా తెలుసు.

సంక్రాంతి పండుగ ముందు వారంలో మిర్యాలగూడ నుంచి ఒక ముసలి వక్త వచ్చాడు. ముప్పై ఏళ్లుగా సభలలో మాట్లాడుతున్న మనిషి. పిల్లలు ఎదుట ఆడుకుంటూ ఉండగా, రెండు గంటలూ నిండాక, బొంగురుపోయిన గొంతుతో "ఇంతటితో విరమిస్తున్నాను" అని కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

తడికె పక్క నుంచి సత్తమ్మ ఆదరాబాదరా వచ్చింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో పార. వెనుక తోటలో మిరపకాయలు ఎర్రబడుతున్నాయి.

"అయ్యా, జర ఆగుండ్రి. గప్పుడే ఖతం జేస్తరా? మీ దండం పెడత, ఇంకొక్క గడియ మాట్లాడుండ్రి. ఆఖరి రెండు సాళ్లకు అందలే."

ముసలాయన ఆమె ముఖం వైపు చూశాడు. ముప్పై ఏళ్లలో ఆయనను ఇంకా మాట్లాడమని అడిగిన మనిషి లేడు. కండువా కొసతో కళ్లు ఒత్తుకుని, వెంకటయ్య ఇచ్చిన సోడా ఒక గుక్క తాగి, మళ్లీ గుంజ ముందుకు పోయి నిలబడ్డాడు.

"సోదరీ... ఈ!" అన్నాడు.